సీరియల్ మాట వినపడదు, ప్రకటన వస్తే పాప ఉలిక్కిపడుతుంది

ఇంటి మరమ్మతు: పాఠకుల ప్రశ్నలకు టీవీ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నయ్యగారూ, నమస్కారం. మాది తణుకు. హాల్లో గోడకు బిగించిన 43 అంగుళాల టీవీ, కేబుల్ కనెక్షన్. మా అత్తగారికి 74 ఏళ్ళు. రాత్రి ఏడున్నర సీరియల్ ఆవిడ వదలరు. మాటలు సరిగ్గా అర్థం కావడం లేదని వాల్యూమ్ 38 దాకా పెడతారు. ప్రకటన మొదలవగానే ఇల్లు అదిరిపోతుంది. మా అమ్మాయి పురిటికొచ్చి పక్క గదిలో ఉంది, పాపకు మూడో నెల. అప్పుడే కళ్ళు మూసిన పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంటుంది. నేను పరిగెత్తుకెళ్ళి 20కి తగ్గిస్తాను. సీరియల్ మళ్ళీ రాగానే "నాకొక్కదానికే చెవుడు కాబోలు" అని అత్తగారు చిన్నబుచ్చుకుంటారు. షాపులో అడిగితే సౌండ్ బార్ కొనుక్కోమన్నారు. టీవీ పాడైందా? డబ్బు పెట్టక తప్పదా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, మీ టీవీ పాడవలేదు. సౌండ్ బార్ కోసం ఇప్పుడే డబ్బు తీయకండి. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మీ అత్తగారు అంటున్నదీ నిజమే, మీరు అంటున్నదీ నిజమే. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్ళుగా టీవీలు విప్పుతున్నాను, ఈ తగాదా లేని ఇల్లు తక్కువ. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే రెండోవాళ్ళకు బాధ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొడవంతా ప్రకటన దగ్గర జరుగుతోంది గానీ, అది మొదలయ్యేది సీరియల్ మాటల దగ్గర. ఆ మాటలు 24లోనే తేటగా వినపడితే ఆవిడ 38 దాకా ఎందుకు వెళ్తారు? 38 దాకా వెళ్ళకపోతే ప్రకటన పాపను లేపేంత గట్టిగా రాదు. అందుకే నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు మాట సంగతి చూస్తాను.

అసలు ప్రకటన ఎందుకు అంత గట్టిగా వస్తుందో చెబుతాను. మీ ఇంట్లో పాత కుంచం ఉంటే గుర్తు చేసుకోండి. వడ్లు వదులుగా పోస్తే ఒక లెక్క, కుంచాన్ని నేలకు తట్టి తట్టి పోస్తే ఇంకో లెక్క. కుంచం అదే, అంచు అదే, పట్టే గింజలు మాత్రం ఎక్కువ. శబ్దానికీ ఛానెల్ దగ్గర ఒక అంచు ఉంటుంది, అది దాటితే శబ్దం పగిలిపోతుంది. సీరియల్‌లో గుసగుస ఉంటుంది, ఏడుపు ఉంటుంది, ఎవరూ మాట్లాడని క్షణాలు ఉంటాయి. చెంపదెబ్బ దగ్గరో, ముఖాలు ఒక్కొక్కటే చూపించేటప్పుడు వచ్చే మ్యూజిక్ దగ్గరో తప్ప శబ్దం అంచు దాకా రాదు. ప్రకటనకు ఉన్నది 20, 30 సెకన్లు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అందులో చిన్న శబ్దాలను కూడా పైకి లేపి, అంచు వరకు తట్టి నింపుతారు. దీన్ని కంప్రెషన్ అంటారు. పైగా మన చెవి బాగా పట్టే శబ్దాలు 2,000 నుంచి 5,000 హెర్ట్‌జ్ మధ్యవి. ప్రకటనలో గొంతును సరిగ్గా ఆ భాగంలోనే పదును పెడతారు. కొలిచే ముల్లు రెండింటికీ ఒకే అంకె దాకా లేస్తుంది. చెవి మాత్రం మోసపోదు.

పాత ముల్లు పనికిరాదని ప్రపంచం ఒప్పుకుంది కూడా. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ 2006లో చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో లెక్కగట్టే కొత్త కొలత ఇచ్చింది. దాన్ని పట్టుకుని 2010లో యూరప్ ప్రసార సంస్థలు కార్యక్రమమైనా, ప్రకటనైనా ఆ కొత్త కొలతలో సగటున మైనస్ 23 దగ్గర ఉండాలని గీత గీసుకున్నాయి. మన దగ్గర కూడా రూలు లేకపోలేదు. 1994 కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్‌లో ఏడో రూలు ప్రకటనల గురించి. ప్రకటన బొమ్మ గానీ, శబ్దం గానీ మరీ 'లౌడ్'గా ఉండకూడదని అందులో ఆరో అంశం. మరీ అంటే ఎంత? ఆ వాక్యంలో డెసిబెల్స్ లెక్క లేదు. ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకది చాలా బాధగా ఉంటుంది. అదే రూల్లో గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని, అందులో ఛానెల్ సొంత ప్రచారానికి 2 నిమిషాలని అంకెలు వేసి మరీ రాసుకున్నారు. శబ్దానికి కూడా ఒక అంకె రాయాల్సింది.

ఇక మీ అత్తగారి సంగతి. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా సన్నని, పదునైన శబ్దాలను వదిలేస్తుంది. అచ్చులు బాగానే వినపడతాయి, హల్లులు జారిపోతాయి. కాలు, పాలు, తాలు... ఈ మూడు మాటలూ ఆవిడకు ఒక్కలాగే వినపడి ఉండవచ్చు. అందుకే ఆ వయసువాళ్ళు "వినపడుతోంది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలియడం లేదు" అంటారు. దీనితోపాటు ఇంకొకటి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు దాన్ని గమనించరు. అలాంటి చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దమేమో మామూలువాళ్ళ కంటే త్వరగా భరించలేనిదైపోతుంది. అంటే ప్రకటన పడగానే పాపతోపాటు మీ అత్తగారికీ బాధే. ఆవిడ పైకి అనకపోయి ఉండవచ్చు. ఒక్కసారి అడిగి చూడండి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష కూడా చేయించండి. కొందరికి చెవిలో గులిమి గట్టిపడి ఉంటుంది, అది తీస్తే సగం కష్టం పోతుంది.

ఇప్పుడు పని చెబుతాను. కిందటి వేసవిలో దానవాయిపేటలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్ళాను, మీ సమస్యే. అలాంటి చోట నేను ముందు స్క్రూడ్రైవర్ తీయను. వాళ్ళు రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటాను. బొమ్మ కనపడుతుంటే పెదాల కదలికతో మాట అర్థమైపోతుంది, లోపం తెలియదు. అక్కడ మాట గోడ వెనక నుంచి వస్తున్నట్టు ముద్దగా ఉంది. లేచి వెళ్ళి టీవీ కింది అంచు దగ్గర అరచెయ్యి పెట్టాను. మాట వచ్చినప్పుడల్లా అరచేతికి సన్నగా అదురు తగులుతోంది. అంటే శబ్దమంతా కిందికి పోతోంది. కింద రెండంగుళాల దూరంలో షెల్ఫు, దాని మీద దేవుడి పటం, రెండు ఇత్తడి కుందులు, టీవీ అంచు నుంచి వేలాడుతున్న లేసు గుడ్డ. మాట మనిషిని చేరే లోపు ఇన్నిటిని తాకి రావాలి. పాత డబ్బా టీవీల్లో స్పీకర్లు ఎదురుగా మన ముఖం వైపు ఉండేవి. టీవీ పలచబడ్డాక వాటికి ముందు చోటు లేక కిందికో వెనక్కో తిప్పేశారు.

పటం, కుందులు పక్క గూట్లోకి మార్చాం. లేసు తీశాం. ఇంట్లో ఉన్న మందపాటి శుభలేఖ అట్ట ఒకటి తీసుకుని స్పీకర్ల కింద ఏటవాలుగా నిలబెట్టి, శబ్దం ముందుకు మళ్ళేలా టేపు వేశాను. టీవీ వేడి పోయే కంతలు మూసుకుపోకుండా చూశాను, ఇది మాత్రం మరిచిపోకూడదు. మాస్టారు 34 నుంచి 28కి తగ్గించుకున్నారు. అప్పటికి ఇంకా మెనూలోకి వెళ్ళనే లేదు.

మీరూ ముందు ఇదే చేయండి. తర్వాత ఒక కాగితం మీద రెండు అంకెలు రాసుకోండి. సీరియల్ మాట అత్తగారికి హాయిగా వినపడే అంకె, ప్రకటన అప్పుడు మీరు తగ్గించే అంకె. ఇప్పుడు 38, 20. ఒక్కో మార్పు చేసి, ఆ రోజు సీరియల్ చూసి, మళ్ళీ రాయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

కేబుల్ బాక్సుకు కూడా సొంత వాల్యూమ్ ఉంటుంది. పిల్లలు బాక్సు రిమోట్‌తో తగ్గించి వదిలేస్తే, దాన్ని సరిచేయడానికి టీవీలో 38 పెట్టాల్సి వస్తుంది. బాక్సును దాదాపు పైదాకా ఉంచి, శబ్దం పగులుతుంటే కాస్త దించి, ఆ తర్వాత టీవీ రిమోట్ ఒక్కటే వాడండి. కొన్ని బాక్సులు ఛానెల్ ఛానెల్‌కు వేరే వాల్యూమ్ గుర్తుపెట్టుకుంటాయి. ఛానెల్ మార్చినప్పుడల్లా శబ్దం ఎగిరిపడేది అందుకే. ఆ ఆప్షన్ ఉంటే అన్నిటికీ ఒకటే అయ్యేలా మార్చండి. బాక్సు ఆడియో సెట్టింగ్‌లో డాల్బీ అని ఉంటే దాన్ని స్టీరియో లేదా పీసీఎమ్ చేసి చూడండి. డాల్బీ ఎక్కువ స్పీకర్లున్న ఇళ్ళ కోసం, మీ టీవీకి ఉన్నవి రెండే కదా.

ఆ తర్వాత టీవీ సౌండ్ మెనూ. ప్రకటనల కోసమే పెట్టినట్టున్న సెట్టింగ్ ఒకటి అందులో ఉంటుంది. శాంసంగ్‌లో ఆటో వాల్యూమ్ అంటారు, సోనీలో అడ్వాన్స్‌డ్ ఆటో వాల్యూమ్, కొన్నిటిలో వాల్యూమ్ లెవలర్. మోడల్‌ను బట్టి పేరు కాస్త మారుతుంది. అది ఆన్ చేయండి. చిన్న శబ్దాన్ని పైకి, పెద్దదాన్ని కిందికి తెస్తుంది. ప్రకటన మొదటి క్షణంలో కాస్త గట్టిగా వచ్చి ఆ తర్వాత సర్దుకుంటే కంగారు పడకండి, టీవీ విని తగ్గించడానికి ఆ కాస్త సమయం పడుతుంది. సౌండ్ మోడ్‌ను సినిమా, మ్యూజిక్ నుంచి మార్చి మాటల మోడ్ పెట్టండి. ఎల్‌జీలో క్లియర్ వాయిస్, సోనీలో వాయిస్ జూమ్ అని ఉంటాయి. సరౌండ్ ఆఫ్ చేయండి, బేస్, అంటే దమ్ దమ్ అనే లోతు శబ్దం, రెండు మూడు మెట్లు తగ్గించండి. బేస్ ఎక్కువైతే మాట బురదలో పడినట్టు ఉంటుంది. పక్క గది గోడ దాటి పాప దాకా వెళ్ళేదీ ఎక్కువగా ఆ బేసే. సంగీత కచేరీ చూసేటప్పుడు మాత్రం ఆటో వాల్యూమ్ తీసేయండి, పాట చప్పబడిపోతుంది.

అత్తగారి కుర్చీ టీవీకి ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు. పన్నెండు అడుగుల నుంచి ఆరడుగులకు జరిపితే టీవీ నుంచి నేరుగా వచ్చే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు. నున్నటి టైల్స్, ఖాళీ గోడలు ఉన్న హాల్లో మాట ప్రతిధ్వనించి మసకబారుతుంది. కుర్చీ వెనక గోడకు మందపాటి కర్టెన్ వేసినా, నేల మీద జంపఖానా పరిచినా తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే టీవీ హెడ్‌ఫోన్ ఆవిడకు పెట్టండి. వైరుది గుచ్చితే చాలా టీవీల్లో స్పీకర్లు ఆగిపోతాయి, పాపకు పూర్తి నిశ్శబ్దం. కొన్ని టీవీల్లో బ్లూటూత్ హెడ్‌ఫోన్, స్పీకర్ రెండూ కలిపి వినే వీలుంది. ఆవిడ విడిగా తనకు కావలసినంత పెట్టుకుంటారు, మిగతావాళ్ళు 15లో వింటారు. కాకపోతే ముందు ఆవిడను అడగండి. చెవులు మూసుకుని ఒంటరిగా కూర్చోవడం కొందరు పెద్దవాళ్ళకు నచ్చదు. సీరియల్ చూస్తూ మీతో రెండు మాటలు మాట్లాడటం కూడా ఆవిడకు ఆ అరగంటలో భాగమే.

సౌండ్ బార్ సంగతి అడిగారు కాబట్టి: పై పనులు చేసి పదిహేను రోజులు చూశాక కూడా మాట తేలకపోతే కొనండి. కొనేటప్పుడు సబ్ ఊఫర్ ఎంత పెద్దదో చూడకండి. మధ్యలో మాటలకు విడిగా సెంటర్ స్పీకర్ ఉందా, పెద్ద శబ్దాలను అణిచే నైట్ మోడ్ ఉందా అని అడగండి. షాపులో పాట వేసి వినిపిస్తారు. మీరు వార్తలు పెట్టించి వినండి.

ఛానెల్‌కు ఫిర్యాదు కూడా రాయండి. 2021 జూన్‌లో కేబుల్ టీవీ రూల్స్‌ను సవరించి ఫిర్యాదులకు మూడు అంచెల పద్ధతి పెట్టారు. మొదటి అంచె ఛానెలే. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చి జవాబివ్వాలి. అది నచ్చకపోతే ఛానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు, ఆపైన కేంద్ర ప్రభుత్వం. ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా ప్రకటన, అప్పటిదాకా వాల్యూమ్ ఇంత, ప్రకటనకు ఇంత తగ్గించాల్సి వచ్చింది అని రాయండి. మీ కాగితం మీద అంకెలు అక్కడ పనికొస్తాయి. నేను ఒక ఛానెల్‌కు రాశాను. అందినట్టు మరునాడే మెయిల్ వచ్చింది, మా కొలతల ప్రకారం హద్దులోనే ఉందని తర్వాత జవాబిచ్చారు. ఏ కొలత అని మళ్ళీ అడిగాను. అడుగుతూనే ఉంటాను. ఒక్క మెకానిక్ అడిగితే పక్కన పెడతారు. ఉభయ గోదావరుల నుంచి వందమంది తల్లులు అంకెలు వేసి రాస్తే అలా పక్కన పెట్టలేరు.

ప్రశ్న: సార్, మాకు కేబుల్ లేదు, ఓటీటీ ఒక్కటే. ప్రకటనలు లేకపోయినా అదే బాధ. హీరో హీరోయిన్ మాట్లాడుకుంటే వినపడదు, ఫైట్ వస్తే కింద పోర్షన్ ఓనర్ పైకి వస్తున్నారు.
— ఒక ఉద్యోగి, హన్మకొండ

జవాబు: బాబూ, నీ సినిమా శబ్దాన్ని థియేటర్ కోసం కలిపారు. ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్ ఉంటాయని లెక్క (5.1 అంటే అదే), మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. నీ టీవీ ఆ మొత్తాన్ని రెండు చిన్న స్పీకర్లలోకి కూరుతుంది, అక్కడ మాట నలిగిపోతుంది. సినిమా నడుస్తుండగా ఆడియో మెనూ తెరిచి, తెలుగు 5.1 పక్కన మామూలు తెలుగు ట్రాక్ కూడా ఉంటే అది పెట్టుకో. టీవీలో డాల్బీ ఆప్షన్ల కింద నైట్ మోడ్ లాంటిది ఉంటే రాత్రిళ్ళు ఆన్ చేయి. యూట్యూబ్‌లో అయితే సెట్టింగ్స్ గుర్తు నొక్కితే స్టేబుల్ వాల్యూమ్ అని ఉంటుంది, ఒక వీడియోలోనే శబ్దం హెచ్చుతగ్గులు కాకుండా చూస్తుంది. టీవీని నేల మీదో, కింద పోర్షన్‌కు అదురు దిగే చెక్క బల్ల మీదో పెట్టి ఉంటే కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయి. ఓనరుగారికి వినపడేది మాటలు కాదు, ఆ అదురే.

ప్రశ్న: అంకుల్, మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమెరికాలో ప్రకటనలు గట్టిగా ఉండకూడదని చట్టం ఉందంటారు. మా ఇంట్లో స్ట్రీమింగ్ యాప్‌లో మాత్రం చెవులు పగిలిపోతున్నాయి. చట్టం ఉన్నట్టా లేనట్టా?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: ఉందమ్మా. కాల్మ్ యాక్ట్ అంటారు, 2010 డిసెంబరులో సంతకమైంది, 2012 డిసెంబరు 13 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రకటన సగటు శబ్దం కార్యక్రమాన్ని మించకూడదని అది చెబుతుంది. కానీ అది టీవీ స్టేషన్లకు, కేబుల్, శాటిలైట్ సంస్థలకు. మీరు చూసే స్ట్రీమింగ్ యాప్‌లు అప్పట్లో ఆ లెక్కలో లేవు. ఆ ఖాళీని మీ రాష్ట్రమే పూరించింది. 2025 అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ ఎస్‌బీ 576 అనే బిల్లు మీద సంతకం పెట్టారు. 2026 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో స్ట్రీమింగ్ సంస్థలకూ అదే పద్ధతి వర్తించాలని అందులో ఉంది. ఆ బిల్లు తెచ్చిన సెనేటర్ టామ్ అంబర్గ్ ఆఫీసులో పనిచేసే ఒకరి ఇంట్లో, కష్టపడి నిద్రపుచ్చిన పసిపాప స్ట్రీమింగ్ ప్రకటన మోతకు లేచి కూర్చుందట. ఈ బిల్లు ఆలోచన అక్కడే పుట్టింది. మీ జవాబు రాస్తుంటే పైన తణుకు ఉత్తరం మళ్ళీ తీసి చూసుకున్నాను.

కేబుల్ ఛానెల్ మీద ఫిర్యాదైతే అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఫారం ఉంది. తేదీ, సమయం, ఛానెల్, ప్రకటన ఎవరిదో రాసి పంపండి. టీవీలో పైన చెప్పిన ఆటో వాల్యూమ్ ఎలాగూ ఉంటుంది, ఈ రాత్రికే ఆన్ చేసుకోండి.